'అ' దగ్గరే ఆగిన కల.. పెనుగంచిప్రోలు బిడ్డ కొమర్రాజు కథ ఇదీ!

బ్లాక్ హోల్ అంటే ఏంటో ఇవాళ ఫోన్ తీస్తే తెలుగులోనే చెప్పేస్తారు. కానీ నూట పాతికేళ్ల కిందట పరిస్థితి వేరు. ప్రకృతి ఎలా పనిచేస్తుందో ఆధునిక సైన్స్ ఏం చెబుతోందో తెలియాలంటే ఇంగ్లిష్ రావాల్సిందే. మరి ఇంగ్లిష్ రానివాళ్ల సంగతేంటి? వాళ్ల కోసమే పనిచేశారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు.

జగ్గయ్యపేట, నందిగామ వైపు వాళ్లకు పెనుగంచిప్రోలు అనగానే తిరుపతమ్మ తల్లి గుడి గుర్తొస్తుంది. మున్నేటి ఒడ్డున ఉన్న ఈ ఊళ్లోనే 1877 మే 18న లక్ష్మణరావు పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. కొన్నాళ్లు భువనగిరిలో, ఆ తర్వాత నాగపూర్‌లో అక్క భండారు అచ్చమాంబ ఇంట్లో ఉండి చదువుకున్నారు. బడి ముఖం చూడని అక్కకు తమ్ముడి చదువే ఆసరా అయింది. ఆమే తర్వాత తొలితరం తెలుగు కథకురాలిగా పేరు తెచ్చుకున్నారు. ఇంట్లో ఒకరికి వచ్చిన చదువు పక్కవాళ్లకూ అందితే ఏం జరుగుతుందో లక్ష్మణరావు అక్కడే చూశారు.

తర్వాత మునగాల సంస్థానంలో దివాన్‌గా పనిచేశారు. ఉద్యోగం ఒక పక్క, పుస్తకం పని ఇంకో పక్క. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపనలో పాలుపంచుకున్నారు. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటి మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తర్వాత అది మద్రాసుకు మారింది.

చరిత్రతో పాటు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలపై మండలి తెలుగు పుస్తకాలు తెచ్చింది. ఆనాటి పద్ధతిలో భాష గ్రాంథికమే. అయినా పండితుల కోసం కాదు, మామూలు పాఠకుడి కోసం రాయించినవి అవి. అసలు చిక్కు మాటలతోనే. సైన్స్‌లో చాలా వాటికి తెలుగులో పేరే లేదు. ఉన్న మాటను వెతకాలి, లేకపోతే కొత్తది కట్టాలి.

అన్నిటికంటే పెద్ద పని 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వం ఇదే. లోకంలోని విషయాలన్నీ అక్షర క్రమంలో చెప్పాలన్నది ప్లాన్. చాలా వ్యాసాలు ఆయనే రాశారు. మూడు సంపుటాలు వచ్చాయి. కానీ 'అ' అక్షరం దాటలేదు!

1923 జులై 12న మద్రాసులో లక్ష్మణరావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లే. గ్రహం, నక్షత్రం, విశ్వం.. ఈ మాటల దాకా ఆయన కలం చేరనే లేదు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని మళ్లీ భుజానికెత్తుకున్నారు.

ఇవాళ తెలుగులో సైన్స్ రాస్తున్న ప్రతి ఒక్కరూ, తెలిసో తెలియకో, పెనుగంచిప్రోలు బిడ్డ 'అ' దగ్గర వదిలిన పనినే కొనసాగిస్తున్నారు.