పెద్దపాడు నుంచి అనంతపురం దాకా: సంజీవయ్య చదివిన దారి

దామోదరం సంజీవయ్య పేరు రాగానే దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అంటాం, అక్కడితో ఆగిపోతాం. జయంతికి ఒక దండ, వర్ధంతికి ఒక దండ. ఆరు, ఏడు తరగతుల వయసులో ఆయన చదువు తెగిపోకుండా ఎవరు పట్టుకున్నారని మనం అడగం. కరువు పల్లెల్లో పిల్లల చదువు గురించి పనిచేసే మనకు కావలసిన కథ అదే.

1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గరి పెద్దపాడులో మునెయ్య, సుంకులమ్మ దంపతులకు ఆయన చివరి బిడ్డ. మాల కుటుంబం, సెంటు భూమి లేదు. బిడ్డ పుట్టిన మూడు రోజులకే తండ్రి పోయారు. బతుకుతెరువు కోసం కుటుంబం పాలకుర్తిలో మేనమామ పంచన చేరింది. అక్కడ ఆయన పశువులు కాశారు. మళ్లీ పెద్దపాడు వచ్చాక అన్న చిన్నయ్య కూలికి పోయి తమ్ముణ్ణి బడికి పంపారు.

ఊళ్లో చిన్న తరగతులు అయ్యాక పై చదువుకు కర్నూలు పోవాలి. అన్న కూలి డబ్బులే ఆధారం. 1935లో మునిసిపల్ హైస్కూల్లో చేరి, 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. మంచి మార్కులతో గట్టెక్కారు. అన్న తోడుకు ప్రభుత్వ ఉపకారవేతనం కలిస్తే అనంతపురం చేరారు. 1916లో మొదలైన దత్తమండల కళాశాల అది, ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. అక్కడ ఆయన చదివింది గణితం, ఖగోళశాస్త్రం. దళిత పిల్లలకు లెక్కలు ఎక్కవనే మాట నేటికీ కొన్ని స్టాఫ్ రూముల్లో వినబడుతుంది. 80 ఏళ్ల కిందటే ఆ మాటకు అనంతపురంలో జవాబు దొరికింది.

డిగ్రీ వచ్చినా కష్టం తీరలేదు. యుద్ధకాలం. కర్నూలు రేషన్ ఆఫీసులో గుమాస్తా పని, బళ్లారిలో తాత్కాలిక ఇన్‌స్పెక్టర్ పని చేశారు. 1946లో మద్రాసు లా కాలేజీలో చేరాక ఖర్చుల కోసం ఒక హైస్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పారు. 1950లో న్యాయవాది అయ్యారు, అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు.

1960 జనవరిలో, 38 ఏళ్లకు, ముఖ్యమంత్రి అయ్యారు. అంతకుముందు ఆ పదవిలో ఉన్న నీలం సంజీవరెడ్డి కూడా అనంతపురం కళాశాల విద్యార్థే. ఒకరు భూములున్న ఇంటి నుంచి వచ్చారు, ఒకరు కూలి ఇంటి నుంచి వచ్చారు. రెండేళ్ల పాలనలో సంజీవయ్య వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టారు, పేదలకు బంజరు భూములు పంచారు. 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది ఆయన హయాంలోనే. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడిగా, కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసి 1972 మే 7న కన్నుమూశారు.

ఈ జీవితంలో మనం చూడాల్సింది ఒకటుంది. ప్రతిభ ఆయనదే. కానీ దాన్ని మోసింది అన్న కూలి, అందుబాటులో ఉన్న బడి, సమయానికి వచ్చిన ఉపకారవేతనం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆయన పాలకుర్తి పశువుల దగ్గరే ఉండిపోయేవారు. అలా ఉండిపోయిన సంజీవయ్యలు ఎందరో మనకు లెక్క లేదు.

ప్రతిభ గల పిల్లల కోసం ప్రత్యేక బడులు మన నేలకు కొత్త కాదు. హిందూపురం వైపు కొడిగెనహళ్లి గురుకులం 1970ల మొదట్లోనే వచ్చింది. నవోదయలున్నాయి. అన్నిటికీ వాకిట్లో ఒక ప్రవేశ పరీక్ష ఉంటుంది. కోచింగ్ దొరికిన పిల్లలు ఆ వాకిలి దాటుతారు. వేరుశనగ ఎండిపోయి, అమ్మానాన్న బెంగళూరు వలసపోతే, తాత దగ్గర మిగిలిన ఏడో తరగతి పిల్లకు ఆ పరీక్ష ఉందనే కబురే అందదు. పరీక్ష రాయని పిల్లకు ప్రతిభ లేదని ఎలా తేలుస్తాం?

అందుకే ఈసారి జయంతికి దండతో పాటు ఒక పని పెట్టుకుందాం. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకారవేతన పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయొచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మన వాడలో ఎనిమిది చదివే పిల్లలెందరు, వాళ్లలో దరఖాస్తు చేసిందెందరు అని ముందు లెక్క తీద్దాం. తర్వాత సాయంత్రం ఒక గంట, పాఠ్యపుస్తకం దాటిన లెక్కలు, తర్కం వాళ్లతో చేయిద్దాం. డిగ్రీ చదివే విద్యార్థులు ఇద్దరుంటే చాలు.

లా చదువుతూ పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి అంతకు మించిన నివాళి మాకు తోచడం లేదు.