దోర్నకల్ చేరిన అజరయ్యగారు

మందిరానికి పైకప్పు వేయాలన్నా, ఒక సువార్తికుణ్ణి పోషించాలన్నా మన సంఘాల్లో మొదట వచ్చే ప్రశ్న, సహాయం ఎక్కడినుండి వస్తుందని. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా మాకు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు గుర్తుకొస్తారు.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని ఒక తమిళ గ్రామంలో, సంఘకాపరి ఇంట జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఏ. సేవలో దక్షిణ భారతమంతా తిరిగారు.

1902లో సిలోనులోని యాఫ్నాకు వెళ్లినప్పుడు ఒక సంగతి ఆయనను కలచివేసింది. అక్కడి తమిళ క్రైస్తవులు కొద్దిమందే అయినా, తమ కానుకలతో సముద్రానికి ఇవతల మన దేశంలో సువార్తపని జరిపిస్తున్నారు. తిరునెల్వేలి సంఘమైతే వందేళ్లు దాటినది, వేలాది విశ్వాసులు గలది. మరి వారు చేసినది మనమెందుకు చేయలేకపోయాము? ఆ వేదన ప్రార్థనగా మారింది. 1903 ఫిబ్రవరిలో పాళయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. పనిచేసేవారు, ఖర్చయ్యే డబ్బు, నడిపించే చేతులు, మూడూ భారతీయులవే కావాలన్నది దాని నియమం. పని కోసం వారు ఎన్నుకున్నది తమిళ దేశం కాదు, నిజాం రాజ్యంలోని మన తెలుగు ప్రాంతం, దోర్నకల్.

ఇతరులను పంపి తాను వెనుక ఉండడం తేలిక. మనలో చాలామందిమి అక్కడే ఆగిపోతాము. అజరయ్యగారికి మంచి హోదా ఉంది, దేశమంతటా పేరుంది, భార్యాబిడ్డలున్నారు. అయినా 1909లో ఆ ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, తానే దోర్నకల్ వచ్చారు. ముప్పై అయిదేళ్ల వయస్సులో తెలుగు నేర్చుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. వద్దన్నవారు విదేశీ మిషనరీలలోనే కాదు, మనవారిలోనూ ఉన్నారు. ఆయన తప్పటడుగు వేస్తే మరో భారతీయునికి ఆ తలుపు ఎన్నేళ్లు మూసుకుపోయేదో! ఆ భారం తెలిసే ఆయన ఒప్పుకున్నారని మేము నమ్ముతున్నాము.

దోర్నకల్‌లో ఆయన చుట్టూ చేరినవారు ధనవంతులు కారు. ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు, అప్పుల్లో పుట్టి అప్పుల్లో పోయేవారు. వారిని ఇవ్వమని అడగవచ్చునా? జాలిపడి వదిలేస్తే వారు ఎప్పటికీ చేయి చాచేవారిగానే మిగిలిపోతారని ఆయన తలంచారు. అందుకే పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం ప్రభువు కోసం వేరే కుండలో తీసిపెట్టడం స్త్రీలకు అలవాటైంది. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, మేకలు మందిరానికి నడిచివచ్చేవి. బాప్తిస్మం పొందినవారు తమ తలమీద తామే చేయి పెట్టుకొని, సువార్త చెప్పకుండా ఉండనని ప్రమాణం చేసేవారు. ఆ పనిని జీతగాళ్లకు అప్పగించి ఊరుకునే వీలు ఎవరికీ ఉండేది కాదు.

ఒక మాట దాచకూడదు. అంత పెద్ద అధ్యక్ష మండలం విదేశీ సహాయం లేకుండా నడవలేదు, అజరయ్యగారు దానిని కాదనలేదు కూడా. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన విదేశీ మిషనరీలను కోరింది డబ్బు కాదు, స్నేహం. పోషకులుగా కాక స్నేహితులుగా రమ్మని అంతమంది ముందు, వారి గడ్డమీదే అడగడానికి ఎంత ధైర్యం కావాలి!

దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ పని ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. దాని గుమ్మటాలు, స్తంభాలు మన దేశపు కట్టడాల పోలికలోనే ఉంటాయి. అప్పటికి ఆ మండలంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షల దరిదాపుల్లో ఉంది. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆయనను తిరునెల్వేలికి తీసుకుపోలేదు, దోర్నకల్‌లోనే సమాధి చేశారు.