పక్షుల లెక్కగాడు సలీం అలీ

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా మేనమామ పెంచారు. 1931లో నిజాం రాష్ట్రంలో పక్షుల సర్వేకు పూనుకొని తెలుగు పల్లెలు, నల్లమల అడవులు తిరిగారు.

ఆయనకు ప్రాణమైన చోటు మాత్రం రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు అక్కడ పలుచని నీటిలో, పొట్టి గడ్డిలో ముక్కుతో బురద గుచ్చి మేస్తాయి. గడ్డి ఏపుగా పెరిగితే దిగవు. దిగినా కంటికి ఆనవు, ఇక లెక్క ఎక్కడిది? పక్షులను వలవేసి పట్టి, కాలికి అంకె వేసిన చిన్న కడియం తొడిగి వదిలేవారు. ఎంత ఓపిక కావాలో ఊహించండి!

పశువులు చిత్తడిని పాడుచేస్తాయని ఆయన నమ్మారు. 1982లో అక్కడ మేత నిషేధించారు. గొడవలో పోలీసు కాల్పులు జరిగి గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆయన 1987 జూన్ 20న కన్నుమూశారు. ఆయన నడిపించిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారే ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి, గేదెలు మేయకపోవడంతో గడ్డి నీటిని కమ్మేసిందనీ, పక్షులకే నష్టం కలిగిందనీ తేల్చారు. గడ్డి కోసుకోవడానికి గ్రామస్థులను మళ్ళీ లోనికి రానిచ్చారు.