చనిపోయినా పాడుతున్న ఘంటసాల గారు



మా ఊరి దగ్గర టౌన్‌లో ఎవరైనా చనిపోతే మైకులో ఒక గొంతు వస్తది. అది చావు పాట అనుకొని చిన్నప్పుడు భయపడేదాన్ని. అది భగవద్గీత అని, పాడింది ఘంటసాల వెంకటేశ్వరరావు గారు అని మొన్న ఎండాకాలం సెలవుల్లోనే తెలిసింది.

మా మామ హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో అటెండర్. అక్కడి గిరిజన మ్యూజియం చూపించడానికి నన్ను తీసుకపోయిండు. సాయంత్రం మామ అద్దెకుండే ఇంటి తాతగారు రికార్డు ప్లేయర్ పెట్టిండు. అదే గొంతు! ఆయన కథ కూడా తాతగారే చెప్పిండు.

ఘంటసాల గారు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. ఆయన కొడుకు చిన్నగా ఉన్నప్పుడే చనిపోయారు. సంగీతం నేర్చుకోవాలని ఘంటసాల గారు చేతి ఉంగరం అమ్మి, ఒక్కడే విజయనగరం వెళ్లారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు గురువు. తినడానికి లేక జోలె పట్టుకొని ఇల్లిల్లు తిరిగి అన్నం అడుక్కున్నారు. మనకు హాస్టల్‌లో గంట కొడితే అన్నం వస్తది. అయినా ఇంటికి పోతామని ఏడుస్తాం. నేనూ ఏడ్చిన.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. తర్వాత మద్రాసు చేరి రేడియోలో పాడారు. హెచ్‌ఎంవీ కంపెనీలో పేకేటి శివరాం గారు ఆయన పాటలు రికార్డు చేయించారు. సినిమాల్లో వేల పాటలు పాడారు. 1970లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు రికార్డు సంగతి. నల్లటి పళ్లెం మీద ఒక్కో పక్క ఒకటే సన్నని గాడి, బయటి అంచు నుంచి లోపలికి చుట్టలు చుట్టలుగా ఉంటది. పాట ఎట్లా వణికితే గాడి అట్లా వంకరలు పోతది. సూది ఆ వంకరల్లో నడిచి మళ్లీ వణుకుతది. ఆ వణుకు కరెంటుగా మారి, పెద్దదై, స్పీకర్‌లో పాట అవుతది.

పాత రికార్డులు నిమిషానికి 78 సార్లు తిరిగేవి. ఒక పక్క సుమారు 3 నిమిషాలే. తర్వాత 33 సార్లు తిరిగే వినైల్ ఎల్‌పీలు వచ్చినయి. ఒక పక్క 20 నిమిషాలు వస్తది. స్టీరియోలో అయితే గాడికి ఉన్న రెండు గోడల్లో ఒక గోడ ఎడమ స్పీకర్‌కు, ఒక గోడ కుడి స్పీకర్‌కు. సూది మాత్రం ఒకటే! లండన్ ఇంజినీరు అలన్ బ్లుమ్‌లైన్ 1931లోనే ఇది ఆలోచించిండు, కానీ స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చింది 1958లో. తాతగారు అట్లాంటి రికార్డు ఒకటి పెడితే తబలా ఒక పక్క నుంచి, వయొలిన్ ఇంకో పక్క నుంచి వినబడ్డయి.

ఆ పాత 78 రికార్డులు దేనితో చేసేవారో తెలుసా? లక్కతో! మా తాత మోదుగ కొమ్మల మీద గీకి సంతలో అమ్మిన లక్క అట్లాంటిదే. మన అడవుల్లో దొరికే లక్క అందరి పాటలనూ దాచింది. మా అవ్వ పాటను మాత్రం ఎవరూ దాచలేదు.

ఘంటసాల గారు భగవద్గీత పాడి, 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే చనిపోయారు. రికార్డు బయటకు వచ్చింది ఆ తర్వాతే. ఆయన చూడలేదు. కానీ పాడి ఉంచారు కాబట్టి మనం వింటున్నాం.

మా అవ్వ విత్తనాల పండుగ పాటలు పాడుతది. అవి ఏ పుస్తకంలో లేవు. నాకు సగమే వచ్చు. ఈ ఏడు అవ్వకు దగ్గు బాగా పెరిగింది.

మేడం, రెండో శనివారం అవ్వ నన్ను చూడడానికి వస్తది. అరగంట మీ ఫోన్ ఇస్తే రికార్డు చేసుకుంటా. చెల్లెళ్లారా, మీ అవ్వ, తాతలవి కూడా అడుగుదాం. మళ్లీ పండుగ దాకా ఆగొద్దు.

— 9వ తరగతి విద్యార్థిని