అగ్నిమాపక దళానికి క్రమశిక్షణ నేర్పిన బ్రెయిడ్‌వుడ్

గుమ్మడిదల: పాశమైలారంలోని ఔషధ పరిశ్రమలో 2025 జూన్ 30న సంభవించిన పేలుడు యాభై మందికి పైగా కార్మికులను బలిగొన్నది. గుమ్మడిదల, బొంతపల్లి, దోమడుగు, గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం ప్రాంతాల్లో సాల్వెంట్ల డ్రమ్ములు, రియాక్టర్లు, డ్రయ్యర్ల నడుమ పనిచేసే వారికి అగ్నిప్రమాదం అన్నది ఎక్కడో జరిగే వార్త కాదు. మంట లేచిన తొలి నిమిషాల్లో అక్కడ ఉండేది తోటి కార్మికులే. పటాన్‌చెరు నుంచో, సంగారెడ్డి నుంచో ఫైరింజన్ చేరుకునేది ఆ తర్వాతనే. ఆ కొద్ది సమయంలో ఎవరు లోపలికి వెళ్లాలి, ఎవరు బయటే నిలవాలి, ఎవరి మాట చెల్లాలి అన్న ప్రశ్నలకు రెండు వందల సంవత్సరాల క్రితమే సమాధానం వెతికి, దానిని నియమంగా మలచిన వ్యక్తి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. ఆధునిక అగ్నిమాపక వృత్తికి ఆద్యునిగా ప్రపంచం ఆయనను గుర్తించింది. విచిత్రమేమంటే, ఏ ప్రమాదం గురించి ఆయన ప్రభుత్వాన్ని ముందుగా హెచ్చరించారో అటువంటి ప్రమాదమే ఆయనను బలిగొన్నది.

వడ్రంగి ఇంట పుట్టి...

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో 1800 సెప్టెంబరులో బ్రెయిడ్‌వుడ్ జన్మించారు. తండ్రి ఫ్రాన్సిస్ కలప సామగ్రి తయారీదారు. నగరంలోని రాయల్ హైస్కూలులో చదువు ముగించుకొని కుమారుడు తండ్రి వ్యాపారంలోనే చేరారు. దూలం ఎంత బరువు మోస్తుంది, నేలపలకల కింద గాలి ఎటు నుంచి ఎటు పోతుంది, ఏ గోడ ఎప్పుడు ఒరుగుతుంది అన్న విషయాలు ఆయనకు ఆ పనిలోనే పట్టుబడ్డాయి. తర్వాతి కాలంలో ఆయన ప్రాణాలతో బయటపడిన సందర్భాలకు, పదుల మందిని కాపాడిన సందర్భాలకు ఈ జ్ఞానమే మూలం.

ఆ రోజుల్లో మంటలను ఆర్పే పని బీమా కంపెనీలది. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క దళం, ఒక్కొక్క యంత్రం ఉండేవి. మంట వద్దకు చేరిన దళాల మధ్య పోటీయే తప్ప పొత్తు తక్కువ. 1824లో వరుస అగ్నిప్రమాదాలు చూసిన ఎడిన్‌బరో నగర పోలీసు కమిషనర్లు, బీమా కంపెనీల వారు కలిసి నగరానికంతటికీ ఒకే దళాన్ని ఏర్పాటు చేశారు. దానికి అధిపతిగా ఇరవై నాలుగేళ్ల బ్రెయిడ్‌వుడ్‌ను నియమించారు. నగరపాలన కింద నడిచిన తొలి వ్యవస్థీకృత అగ్నిమాపక దళంగా దీనిని చరిత్రకారులు పేర్కొంటారు.

అందరూ ఆజ్ఞాపించేవారే

బాధ్యతలు చేపట్టి కొద్ది వారాలైనా కాకముందే, మనుషులకు శిక్షణ ఇంకా పూర్తికాకముందే పరీక్ష ఎదురైంది. 1824 నవంబరు 15 రాత్రి హై స్ట్రీట్ సమీపంలోని ఒక ముద్రణశాలలో లేచిన మంట ఇరుకు సందుల మీదుగా ఎత్తైన పాత ఇళ్లకు పాకింది. మర్నాడు ట్రాన్ చర్చి శిఖరం కాలిపోయింది. అదే రాత్రి పార్లమెంట్ స్క్వేర్‌లో మరో మంట లేచింది. వందలాది కుటుంబాలు నిరాశ్రయమయ్యాయి. మరణించిన వారిలో అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు.

నష్టానికి నీటి కొరత ఒక కారణమైతే, ఆజ్ఞల ఆధిక్యం మరో కారణం. నగర న్యాయాధికారులు ఒక మాట, బీమా కంపెనీల ప్రతినిధులు మరో మాట, పోలీసులు ఇంకో మాట చెప్పసాగారు. గొట్టం ఇటు తిప్పమని ఒకరు, అటు తిప్పమని ఒకరు. దళాధిపతి మాట ఆ గందరగోళంలో కలిసిపోయింది. పేలుడు జరిగిన ఏ పరిశ్రమ ప్రాంగణంలోనైనా ఈ దృశ్యాన్ని నేటికీ చూడవచ్చు.

ప్రజల ఆగ్రహం తొలుత యువ దళాధిపతి వైపే మళ్లింది. అయితే విచారణ జరిపిన వారు తప్పు వ్యక్తిలో లేదని, అధికారం చీలిపోవడంలో ఉందని గ్రహించారు. అప్పటి నుంచి అగ్నిప్రమాద స్థలంలో దళాధిపతి ఆజ్ఞ ఒక్కటే చెల్లుతుందని, ఎంత పెద్ద హోదా గలవారైనా అందులో జోక్యం చేసుకోరాదని నిర్ణయమైంది. అగ్నిమాపక వృత్తికి తొలి నియమం ఇదేనని చెప్పవచ్చు. నేడు ప్రమాద స్థలంలో ఒకే కమాండర్ ఉండాలన్న పద్ధతి ప్రపంచమంతటా అమలులో ఉంది.

పగలు మేస్త్రీ, పిలుపు వస్తే ఫైర్‌మన్

ఎడిన్‌బరో దళంలోని వారు పూర్తికాలపు ఉద్యోగులు కారు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, కమ్మరులు, గొట్టాల పనివారు, రాతిపలకల పైకప్పులు వేసేవారు అందులో సభ్యులు. పదిహేడు నుంచి ఇరవై అయిదు సంవత్సరాల మధ్య వయసు వారిని బ్రెయిడ్‌వుడ్ ఏరికోరి చేర్చుకొనేవారు. పైకప్పు పనివానికి ఎత్తులంటే భయం ఉండదు. మేస్త్రీకి గోడ బలం తెలుసు. గొట్టాల పనివాడు నీటి దారిని ఎరుగును. ఎవరి వృత్తి జ్ఞానమూ వృథా పోరాదన్నది ఆయన ఆలోచన.

అయితే వారు సొంత వృత్తుల వారన్న కారణంతో శిక్షణలో రాయితీ ఇవ్వలేదు. వీధులు నిర్మానుష్యంగా ఉండే తెల్లవారుజామున వారం వారం కవాతు జరిగేది. నిచ్చెనలు ఎక్కడం, తాళ్ల మీదుగా దిగడం, గొట్టాలు విప్పి కలపడం కళ్లు మూసుకొని కూడా చేయగలిగేటంతగా అలవాటు చేయించేవారు. నగరంలోని ఎత్తైన వంతెన అంచు నుంచి తాడు పట్టుకొని కిందికి దిగించేవారు. తాను చేయని పనిని ఎవరి చేతా చేయించలేదు. కాలుతున్న ఇనుప సామాను దుకాణంలో తుపాకిమందు పీపాలు ఉన్నాయని తెలిసినప్పుడు ఆయనే లోపలికి వెళ్లి వాటిని బయటికి మోసుకొచ్చారన్న ఉదంతం ఎడిన్‌బరోలో చిరకాలం చెప్పుకొన్నారు.

దూరంగా వీధిలో నిలబడి కిటికీల మీదికి నీళ్లు చిమ్మడం ఆనాటి ఆచారం. అది నీళ్లను పొగలో కలపడమేనని బ్రెయిడ్‌వుడ్ గుర్తించారు. మంట మూలం ఎక్కడ ఉందో అక్కడికి చేరి, నీటి ధార నేరుగా దానిపైనే పడేటట్లు చేయాలని బోధించారు. లోపలికి వెళ్లడమంటే ప్రాణాలతో చెలగాటం కనుక దానికి కట్టుదిట్టమైన నియమాలు పెట్టారు. ఎవరూ ఒంటరిగా లోపల అడుగు పెట్టరాదు. ఒకరు పడిపోతే లాగి తేవడానికి రెండవవాడు వెంట ఉండాలి. పొగలో నిలువుగా నడవక, స్వచ్ఛమైన గాలి నేలబారునే మిగులుతుంది కనుక ముఖం నేలకు ఆనించి పాకాలి. మాట వినబడనిచోట ఈలతో సంకేతాలు ఇవ్వాలి. కరిగిన సీసం పైకప్పు నుంచి మెడలోకి జారకుండా వెనుక తోలు అంచు గల శిరస్త్రాణం ధరించాలి.

జంటగా వెళ్లాలన్న ఆ నియమమే కాలక్రమంలో చట్టాలలోకి ఎక్కింది. ఇద్దరు లోపల ఉంటే వారి కోసం మరో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1998లో స్పష్టం చేసింది. అదే దేశంలో 1974లో రూపొందిన వృత్తి అర్హతల ప్రమాణం జీతానికి పనిచేసే వారికి, స్వచ్ఛందంగా వచ్చే వారికి ఒకే కొలబద్ద పెట్టింది. మంట మనిషి జీతం చూసి కాల్చదు కదా.

తన అనుభవాన్ని బ్రెయిడ్‌వుడ్ 1830లో పుస్తకంగా వెలువరించారు. అగ్నిమాపక యంత్రాల నిర్మాణం, సిబ్బంది శిక్షణ, ప్రమాద సమయంలో అనుసరించవలసిన పద్ధతులు అందులో ఉన్నాయి. ఈ విషయంపై ఆంగ్లంలో వచ్చిన తొలి శాస్త్రీయ గ్రంథంగా దానికి పేరు.

లండన్‌లో నావికుల దళం

ఆ పుస్తకం, ఎడిన్‌బరో దళం సాధించిన పేరు లండన్ దాకా పాకాయి. అక్కడి పది బీమా కంపెనీలు తమ దళాలను ఏకం చేసి 1833 జనవరి 1న ఏర్పాటు చేసిన సంస్థకు ఆయనే సూపరింటెండెంట్ అయ్యారు. ఎనభై మంది సిబ్బంది, పదమూడు కేంద్రాలు. ఈసారి అందరూ పూర్తికాలపు ఉద్యోగులే. వారిలో అత్యధికులు నావికులు. రాత్రి పగలు తేడా లేకుండా పనిచేయడం, ఆజ్ఞను మారు మాట లేకుండా పాటించడం ఓడ మీద వారికి అలవాటైన విద్యలు.

ఇక్కడ కూడా బయటివారి సాయం లేకపోలేదు. చేతితో కొట్టే పంపు యంత్రం ఒక్కొక్క దానికి పాతిక మందికి పైగా కావాలి. వీధిలో గుమిగూడిన వారినే ఇందుకు పిలిచేవారు. మొదటి గంటకు ఒక షిల్లింగు, ఆపై గంటకు ఆరు పెన్నీలు, దాహానికి బీరు ఇచ్చేవారు. కానీ వారి హద్దు పంపు పిడి వరకే. గుమ్మం దాటే హక్కు శిక్షణ పొందిన వారికి మాత్రమే. ఉత్సాహాన్ని కాదనకుండానే దానికి గీత గీయడం బ్రెయిడ్‌వుడ్ వ్యవస్థలోని గొప్పతనం. మన పరిశ్రమల్లో ఎన్నోసార్లు చెరిగిపోయేది ఈ గీతే. లోపల చిక్కుకున్న మిత్రుని కోసం ముసుగు లేకుండా పరుగెత్తిన కార్మికుడు రెండవ బాధితుడయ్యే ప్రమాదం ఉంది. అతని గుండె ధైర్యాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అతనికి ముందే శిక్షణ ఇవ్వనివారిదే లోపం.

1834 అక్టోబరులో బ్రిటిష్ పార్లమెంటు భవనం కాలిపోయినప్పుడు చారిత్రకమైన వెస్ట్‌మిన్‌స్టర్ హాలు దక్కడంలో ఆయన దళం పాత్ర ఉంది. అంతటి ప్రమాదం తర్వాత కూడా అగ్నిమాపక సేవను ప్రభుత్వం స్వీకరించలేదు. భారం బీమా కంపెనీల మీదే ఉండిపోయింది.

బ్రెయిడ్‌వుడ్ అన్నింటా ముందుచూపు గలవారని చెప్పడం మాత్రం అతిశయోక్తి. ఆవిరి యంత్రంతో నడిచే పంపులు 1830 నాటికే లండన్‌లో కనిపించినా, వాటిని ఆయన ఏళ్ల తరబడి దూరం ఉంచారు. శక్తిమంతమైన ధార చేతికి వస్తే సిబ్బంది మళ్లీ వీధిలోనే నిలబడిపోతారన్నది ఆయన శంక. చివరకు 1860లో గాని ఆవిరి పంపు ఆయన దళంలోకి రాలేదు.

గోదాముల గురించి హెచ్చరిక

ఆయనను అన్నిటికన్నా కలవరపెట్టినవి థేమ్స్ నది ఒడ్డున వెలసిన భారీ గోదాములు. మధ్య గోడలు లేకుండా అంతస్తు మీద అంతస్తుగా కట్టిన ఆ భవనాల్లో పత్తి, జనపనార, కొవ్వు, చక్కెర, సురేకారం ఒకే కప్పు కింద నిల్వ ఉండేవి. ఇనుప స్తంభాలు ఉన్నాయి కనుక మంటకు భయం లేదని యజమానులు నమ్మేవారు. వేడెక్కిన ఇనుము బలం కోల్పోయి ఉన్నపళంగా కూలుతుందని బ్రెయిడ్‌వుడ్ 1849లో సివిల్ ఇంజినీర్ల సంస్థ ఎదుట వ్యాసం చదివారు. 1854లో ప్రభుత్వ పనుల శాఖ బాధ్యుడైన సర్ విలియం మోల్స్‌వర్త్‌కు లేఖ రాశారు. ఇటువంటి గోదాములో ఒక్కసారి మంట పట్టుకుంటే ఉన్న దళం దానిని అదుపు చేయలేదన్నది దాని సారాంశం. నిర్మాణాలు ఆగలేదు.

1861 జూన్ 22, శనివారం సాయంత్రం. టూలీ స్ట్రీట్‌లోని కాటన్స్ వార్ఫ్ గోదాములో మంట లేచింది. గోదాముల మధ్య మంటను ఆపడానికి అమర్చిన ఇనుప తలుపులు తెరిచే ఉన్నాయి. నదిలో నీరు వెనక్కి తగ్గి ఉన్నందున పడవల మీది పంపులు దగ్గరకు రాలేకపోయాయి. వీధి గొట్టాల్లో నీరు రావడానికి చాలా ఆలస్యమైంది. అలసిన తన మనుషులకు ధైర్యం చెప్పి, పానీయం అందిస్తూ బ్రెయిడ్‌వుడ్ సందులో తిరుగుతుండగా రాత్రి ఏడున్నర ప్రాంతంలో లోపల పేలుడు సంభవించి గోడ మొత్తం బయటికి ఒరిగింది. ఆయన, పక్కనున్న మరొకరు దాని కింద చిక్కుకుని మరణించారు. మంటల వేడికి శిథిలాలను తాకడం కూడా సాధ్యం కాక, భౌతికకాయాన్ని వెలికితీయడానికి రోజులు పట్టింది. మంటలు పూర్తిగా చల్లారడానికి రెండు వారాలు.

జూన్ 29న జరిగిన అంతిమయాత్ర మైలున్నర పొడవు సాగింది. లండన్ చర్చిల గంటలు మోగాయి. దుకాణాలు మూతపడ్డాయి. ఆబ్నీ పార్కు శ్మశానవాటికలో అంత్యక్రియలు నిర్వహించారు.

సుమారు ఇరవై లక్షల పౌన్ల నష్టం బీమా కంపెనీల నడుము విరిచింది. ఈ భారం ఇక మోయలేమని అవి ప్రభుత్వానికి తేల్చి చెప్పాయి. బ్రెయిడ్‌వుడ్ జీవితకాలంలో కదలని ప్రభుత్వం 1865లో చట్టం చేసింది. 1866 జనవరి నుంచి కెప్టెన్ ఐర్ మాసీ షా నాయకత్వంలో లండన్ మెట్రోపాలిటన్ అగ్నిమాపక దళం ప్రజాధనంతో పనిచేయడం ఆరంభించింది.

మన దేశంలోనూ ప్రాణనష్టం తర్వాతనే వ్యవస్థ బలపడింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది నేలకొరిగారు. ఓడలో పత్తి, పేలుడు పదార్థాలు ఒకేచోట ఉన్నాయి. వారి స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి వారోత్సవాలు జరుగుతున్నాయి. జాతీయ అగ్నిమాపక సేవా కళాశాల 1956లో ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999లో వచ్చింది. ప్రమాదకర పరిశ్రమలు ముందుగానే అత్యవసర ప్రణాళిక రూపొందించి కార్మికులకు తెలియజేయాలన్న నిబంధన భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేరింది.

ఎడిన్‌బరో పార్లమెంట్ స్క్వేర్‌లో బ్రెయిడ్‌వుడ్ కాంస్య విగ్రహాన్ని 2008లో ఆవిష్కరించారు. 1824 నవంబరులో ఆయన మాట ఎవరూ వినని చోటు అదే.