బఠాణీ పాదుల మధ్య ఒక గురువు

ఒక ఇంట్లో బిడ్డ లోపంతో పుడితే, ఇది ఎవరి పాపఫలమో అని ఇరుగుపొరుగు గుసగుసలాడడం మీరు వినే ఉంటారు. ఆ మాట వినిపించినపుడు ఫాదర్ గ్రెగర్ మెండెల్ గారిని తలచుకోండి.

ఆయన 1822 జూలైలో, నేటి చెక్ దేశంలోని ఒక పల్లెలో పేద రైతుకుటుంబంలో జన్మించారు. జ్ఞానస్నానపు పేరు యోహాను. 1838లో చెట్టు దుంగ మీదపడి తండ్రి గాయపడడంతో చదువు ఆగిపోయే స్థితి వచ్చింది. చెల్లెలు తెరేసియా తన కట్నం సొమ్ములో కొంత ఇచ్చి అన్నను చదివించింది. ఆ ఋణాన్ని ఆయన మరువలేదు. తరువాత ఆమె కుమారుల చదువుకు అండగా నిలిచారు.

1843లో బ్రనో పట్టణంలోని అగస్టీను సభవారి పునీత తోమాసు మఠంలో చేరి గ్రెగర్ అనే పేరు స్వీకరించారు. 1847లో గురువయ్యారు. రోగులను దర్శించే పనిలో వారి బాధ చూడలేక తానే మంచం పట్టేవారు. అందుకే మఠాధిపతి ఆయనను బడిలో బోధనకు పంపారు. ఉపాధ్యాయ పరీక్షలో 1850లో తప్పారు. 1856లో మళ్ళీ ప్రయత్నించినా ఫలించలేదు.

అదే ఏడు మఠం తోటలో బఠాణీ మొక్కలపై పరిశోధన మొదలుపెట్టారు. ఊదా పూల మొక్కను తెల్ల పూల మొక్కతో కలిపితే పిల్లమొక్కలన్నీ ఊదా పూలే పూశాయి. కాని వాటి గింజలు నాటగా వచ్చిన 929 మొక్కల్లో 705 ఊదా, 224 తెలుపు. అంటే దాగిన తెలుపు నశించలేదు, తరం దాటి బయటపడింది. 1865లో ఈ సంగతి సభలో చదివారు, మరుసటి ఏడు అచ్చువేశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1868లో మఠాధిపతి అయ్యారు. 1884 జనవరి 6న, ముగ్గురు జ్ఞానుల పండుగనాడు కన్నుమూశారు. లోకం ఆయన విలువను గుర్తించింది 1900లో.

మరి ఆ తెలుపు మొదట ఎలా వచ్చింది? మెండెల్ గారికి తెలిసే వీలు లేదు. 2010లో శాస్త్రజ్ఞులు జవాబు కనుగొన్నారు. డి.ఎన్.ఏ.లో ఒకే ఒక్క అక్షరం, గ్వానిన్ బదులు ఎడినిన్, మారింది. ఆయన పొట్టి మొక్కల్లోనూ ఇదే రకం మార్పు ఉన్నట్టు 1997లోనే తెలిసింది.

ఇలాంటి మార్పుకు ఒక దారి చూడండి. గ్వానిన్ ఎప్పుడూ సైటోసిన్‌తో, ఎడినిన్ థైమిన్‌తో జతకడతాయి. కాని అరుదుగా గ్వానిన్‌లోని ఒక హైడ్రోజన్ అణువు క్షణకాలం చోటు మారుతుంది. ఆ క్షణంలో కణం నకలు తీస్తే, గ్వానిన్ ఎదుట థైమిన్ వచ్చి కూర్చుంటుంది. తరువాతి నకలులో ఆ థైమిన్ ఎదుట ఎడినిన్ చేరుతుంది. అక్షరం మారిపోయింది! ఈ సంగతిని వాట్సన్, క్రిక్ 1953లోనే ఊహించారు. అటువంటి తప్పు జత సరైన జతలాగే ఒదిగి ఉండడం 2011లో స్ఫటిక చిత్రాల్లో కనిపించింది. కణం ఇలాంటి తప్పులను చాలావరకు దిద్దుకుంటుంది, కొన్ని మిగిలిపోతాయి. మార్పులన్నిటికీ కారణం ఇదొక్కటే కాదు. మెండెల్ గారి తెల్ల పువ్వు ఇలాగే పుట్టిందని రుజువూ లేదు. కాని ఇలాంటి పొరపాటు మిగిల్చే గుర్తు మాత్రం అదే.

పాఠకులారా, హైడ్రోజన్ అణువు కదలడానికి ఎవరి పాపమూ అక్కరలేదు. పుట్టుగ్రుడ్డివాని విషయంలో శిష్యుల సందేహాన్ని ప్రభువు ఎలా తీర్చారో మీకు తెలుసు. ఈ వారం మీ విచారణలో అలాంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళండి. తల్లిని ఏమీ అడగకండి, బిడ్డను ఎత్తుకోండి.