పీటర్ తంగరాజ్ అనే గోలీ

ఈసారి కవిత రాయలేదు. ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి రాస్తున్నా. గోల్స్ కొట్టినోడు కాదు, ఆపినోడు.

ముందు నా సంగతి. మాది పుంగనూరు. ఆ పేరు చెప్పగానే అందరికీ పొట్టి ఆవులే గుర్తొస్తాయి, నేనేమో ఆరడుగులు పెరిగా. అందుకే స్కూల్లోనే పట్టుకొచ్చి గోల్‌పోస్టు ముందు నిలబెట్టారు. మదనపల్లెలో కాలేజీకి వచ్చినా అదే జాగా. పోయిన నెల కుప్పంలో మ్యాచ్ ఆడాం. 3-2తో ఓడిపోయాం. మూడోది నా రెండు కాళ్ళ మధ్యలోంచి పోయింది. అంతకుముందు ఆరో ఏడో ఆపుంటా, అవి మాత్రం ఎవరికీ గుర్తులేవు. టీమ్ అంతా మదనపల్లె బస్సెక్కేసింది. వాళ్ళ మొహాలు చూడలేక నేను కుప్పంలోనే పెద్దనాన్న ఇంట్లో ఆగిపోయా. ఇకమీదట ఫార్వర్డ్‌లో ఆడతా, గోల్లో నిలబడనని కెప్టెన్‌కి మెసేజ్ టైప్ చేస్తూ కూర్చున్నా.

పెద్దనాన్న మద్రాస్ రెజిమెంట్‌లో చేసి రిటైర్ అయినాడు. ఆ రెజిమెంట్ ట్రైనింగ్ సెంటర్ నీలగిరి కొండల్లో, వెల్లింగ్టన్‌లో ఉంది. ఆయన అక్కడికి పోయేనాటికి తంగరాజ్ ఆట మానేసి చాలా ఏళ్ళయింది. అయినా గ్రౌండ్‌లో ఎవడు గోల్లో నిలబడినా సీనియర్లు ఆ పేరు ఎత్తేవాళ్ళంట. ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు సగం కథ చెప్పినాడు. మిగతా సగం తర్వాత నేనే వెతుక్కున్నా.

పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే చిన్న క్లబ్బుల్లో ఆడుతూ పెరిగాడు. 1953లో సైన్యంలో చేరి వెల్లింగ్టన్ వెళ్ళాడు. అప్పటికి ఆయన ఆడేది సెంటర్ ఫార్వర్డ్! అంటే గోల్స్ కొట్టి చప్పట్లు కొట్టించుకునే జాగా. దాన్ని వదిలేసి గోల్‌కీపర్ అయ్యాడు. నేను టైప్ చేస్తున్న మెసేజ్‌కి సరిగ్గా తిరగేసిన కథ. పెద్దనాన్న కావాలనే ఇది ముందు చెప్పాడని నా డౌటు.

అది ఎలాంటి కాలమంటే, ఒక్క ఏడాది ముందు, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, మనోళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. గోలీకి అంతకన్నా పీడకల ఏముంటుంది? అలాంటి దేశానికి తంగరాజ్ 1955లో ఢాకాలో మొదటిసారి ఆడాడు. అదే ఏడాది మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ డ్యూరాండ్ కప్ గెలిచింది. 1958లో మళ్ళీ గెలిచింది. ఆ ఏడాదే ఆసియాలో మేటి గోల్‌కీపర్‌గా ఆయనకి పేరొచ్చింది. ఎత్తు, బారైన చేతులు, గాల్లో వచ్చే బంతిని అందరికంటే ముందే అందుకోవడం ఆయన బలం. 1960లో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు కెప్టెన్ కూడా ఆయనే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం, ఆ జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ సంగతి నాకు ఇంకా ఇష్టం. హంగరీతో 2-1 ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పెరూతో 3-1 ఓటమి. స్కోర్లు చూసి తేల్చేస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఆ హంగరీ అప్పట్లో యూరప్‌లోనే పెద్ద జట్టు, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఎనిమిదేళ్ళ కింద పది గోల్స్ తిన్న మనం దానికి రెండే ఇచ్చాం. రోమ్ తర్వాత ఇప్పటిదాకా మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

ఇక 1962 జకార్తా. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్ళకి కోచ్ రహీమ్ సాబ్ తెలుసు. హైదరాబాద్ టీచరు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే జట్టుని ఆసియా క్రీడలకి తీసుకెళ్ళాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో కొట్టింది. తర్వాత కొన్ని మ్యాచుల్లో తంగరాజ్ బదులు ప్రద్యుత్ బర్మన్ గోల్లో నిలబడ్డాడు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా ఎదురైంది. రహీమ్ మళ్ళీ తంగరాజ్‌నే దించాడు. బయట కూర్చోబెట్టి, ఫైనల్ రోజు పిలిస్తే ఎలా ఉంటుందో గోలీలకే తెలుసు. వార్మప్ అయ్యేలోపే చేతులు చల్లబడతాయి.

పైగా స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్‌కి, తైవాన్‌కి ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. దాన్ని మన దేశానికి చెందిన ఒలింపిక్ అధికారి సోంధీ తప్పుపట్టాడు. అక్కడి జనం ఆ కోపమంతా ఆటగాళ్ళ మీద చూపించారు. లక్షమంది దాకా అరుస్తున్నారు. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నయిల్ సింగ్‌ని రహీమ్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి, మొదటి ఇరవై నిమిషాల్లోనే 2-0. అంటే డెబ్బై నిమిషాలు కాపాడుకోవాలి! కొరియా 85వ నిమిషంలో గానీ ఒక్క గోల్ కొట్టలేకపోయింది. 2-1. బంగారం మనదే. అక్కడ మోగిన జనగణమనకి ఠాగూర్ 1919లో ఇంగ్లీషు అనువాదం రాసింది మన మదనపల్లెలోనే, బీసెంట్ కాలేజీలో. ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయా.

నెట్‌లో ఆ ఫైనల్ గురించి చదివితే గోల్స్ ఏ నిమిషంలో పడ్డాయో అంతటా ఉంటుంది. తంగరాజ్ ఎన్ని ఆపాడో నేను చదివిన వాటిలో ఎక్కడా లేదు.

1964 ఆసియా కప్‌లో మనం రన్నరప్, అప్పుడూ గోలీ ఆయనే. అప్పుడు ఐఎస్ఎల్ కాంట్రాక్టుల్లాంటివి లేవు. కోల్‌కతా వెళ్ళి మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఆ మూడు క్లబ్బుల అభిమానులకి ఒకరంటే ఒకరికి పడదు, ముగ్గురూ గోల్ తాళాలు ఈయనకే ఇచ్చారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. 1971 దాకా ఆడి, తర్వాత కోచ్‌గా పిల్లలకి నేర్పాడు. 2008 నవంబర్లో బొకారోలో పోయాడు. అప్పుడు మనలో చాలామంది అంగన్‌వాడీలో ఉండుంటాం.

ఇంత చెప్పి పెద్దనాన్న నా మ్యాచ్ గురించి ఒక్క మాటా అడగలేదు. పొద్దున్నే బస్టాండ్‌లో దింపుతూ మాత్రం కాళ్ళు దగ్గర పెట్టి మోకాలు వంచడం ఎలాగో, అక్కడే, ప్లాట్‌ఫాం మీద, లుంగీ ఎగ్గట్టి మరీ చూపించాడు. పలమనేరు పోయే జనం అంతా మమ్మల్నే చూస్తున్నారు.

కెప్టెన్‌కి టైప్ చేసిన మెసేజ్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. పంపలేదు, డిలీట్ కూడా చెయ్యలేదు. శనివారం ప్రాక్టీస్ ఉంది.